చేతి తిమ్మిర్లకు ఆపరేషన్: నరాల పరీక్ష అందరికీ కావాలా?



"రాత్రి నిద్రలో చెయ్యి మొద్దుబారిపోయి మెలకువ వచ్చేస్తోందండి. గట్టిగా దులుపుకుంటే గాని తగ్గదు." రాజాం చుట్టుపక్కల పల్లెల నుండి వచ్చే తల్లుల నోట ఈ మాట మేము తరచుగా వింటాము. ఊడ్పులు, కోతలు, కుట్టుమిషను, ఇంటి చాకిరీ, ఇవన్నీ చేతి మీదే కదా! ఇలా చెప్పేవారిలో చాలామందికి ఉండేది కార్పల్ టన్నెల్ జబ్బు.

మణికట్టు దగ్గర ఎముకలకూ, వాటిపైన ఉండే గట్టి పట్టీకీ నడుమ ఒక ఇరుకు దారి ఉంది. వేళ్ళను ముడిచే తొమ్మిది కండర తాళ్ళు, వాటితోపాటు మీడియన్ అనే నరం అందులో నుండే వెళ్తాయి. దారి ఇరుకైతే నరం నలుగుతుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కుతాయి. చిటికెనవేలికి ఏమీ కాదు. ఆపరేషన్ అంటే ఆ పట్టీని కోసి నరానికి చోటు ఇవ్వడమే.

ఆపరేషన్‌కు ముందు ప్రతి ఒక్కరినీ నర్వ్ కండక్షన్ పరీక్షకు పంపాలా? చర్మం మీద చిన్న కరెంటు ఇచ్చి, నరంలో సంకేతం ఎంత వేగంగా పోతోందో ఈ పరీక్షలో కొలుస్తారు. ఈ జబ్బులో మణికట్టు వద్ద ఆ వేగం తగ్గుతుందని 1956లో సింప్సన్ అనే బ్రిటిష్ వైద్యుడు చూపారు. మంచి పరీక్షే. కాని దాని మాటే చివరి మాట అనుకోవడం పొరపాటు.

1999లో ప్రచురించిన స్వీడన్ అధ్యయనంలో తిమ్మిరి, నొప్పి ఏవీ లేని 125 మందిని పరీక్షిస్తే, 23 మందిలో ఆ నరం నెమ్మదించినట్లు తేలింది. రిపోర్టు చూసి వారికి ఆపరేషన్ చేస్తామా? మరోవైపు బాధ స్పష్టంగా ఉన్న కొందరికి రిపోర్టు నార్మల్ అని వస్తుంది. "మీకేమీ లేదు" అని వారిని పంపివేయడం న్యాయమా?

అమెరికా ఎముకల శస్త్రవైద్యుల అకాడమీ 2024 మార్గదర్శకాల ప్రకారం, రోగి చెప్పే లక్షణాలు, చేతి పరీక్ష కలిపి ఆరు అంశాలు చూసి జబ్బును నిర్ధారించవచ్చు; అందరికీ మామూలుగా నరాల పరీక్ష అవసరం లేదు. మా అభిప్రాయమూ అదే. పరీక్ష కోసం పట్నం వెళ్ళాలంటే కూలి మనిషికి రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ, పరీక్ష ఫీజు అదనం. బొటనవేలి మొదట్లో కండ కరిగిపోతున్న మనిషిని రిపోర్టు కోసం వారాల తరబడి ఆపితే, పోయిన బలం తిరిగి రాకపోవచ్చు.

అలాగని పరీక్షను తీసిపారేయడం లేదు. షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నాయా, మెడ నుండి నరం నొక్కుకుంటోందా అన్న అనుమానం ఉన్నప్పుడు అది కావాలి. ఒకసారి ఆపరేషన్ అయ్యాక బాధ తిరిగి వచ్చినప్పుడూ కావాలి. ఆపరేషన్ ఫలితం గురించి కూడా అది కొంత చెబుతుంది. నరం మధ్యస్థంగా దెబ్బతిన్నవారికి ఫలితం ఎక్కువగా బాగుంటుందనీ, మరీ ముదిరినవారిలోను, రిపోర్టు నార్మల్‌గా ఉన్నవారిలోను అంతగా ఉండదనీ 2001లో బ్లాండ్ అనే వైద్యుడు ప్రచురించారు. ఆ సంగతి రోగికి ముందే చెప్పడం మా బాధ్యత.

మన ప్రాంతంలో మరువరానిది కుష్ఠు. అది కూడా చేతిని మొద్దుబారుస్తుంది. చర్మం మీద స్పర్శ లేని మచ్చ, మోచేతి దగ్గర ఉబ్బిన నరం, చిటికెనవేలిలో తిమ్మిరి ఉంటే ముందుగా దాని కోసం చూడాలి. దానికి పూర్తిగా నయం చేసే మందులున్నాయి. దాన్ని పట్టుకోవడానికి మొదట కావలసింది వైద్యుని కన్ను, వేలు.

జబ్బు తక్కువగా ఉన్నవారు ముందు రాత్రిపూట మణికట్టు వంగకుండా కట్టు కట్టుకోవాలి. అవసరమైతే స్టెరాయిడ్ ఇంజక్షన్ ఉంది. గర్భిణీలకు కాన్పు తరువాత చాలావరకు తగ్గిపోతుంది. థైరాయిడ్ లోపం కూడా చూపించుకోవాలి.

మిమ్మల్ని పరీక్షకు పంపినప్పుడు మొహమాటపడకుండా ఒక్క మాట అడగండి: "డాక్టరు గారూ, ఈ రిపోర్టును బట్టి నా వైద్యం మారుతుందా?" మారుతుందంటే తప్పక వెళ్ళండి. మారదంటే, ఆ ఖర్చు ఎందుకో చెప్పవలసింది మేమే.