దారి మార్చమంటే.. పైలట్ ‘కుదరదు’ అనొచ్చు

తిరుత్తణి కొండకు 365 మెట్లు ఎక్కి, పొద్దుపోయాక తూర్పు వైపు చూస్తే మీనంబాకం విమానాల దీపాలు కదులుతూ కనిపిస్తాయి. కింద నిలబడి చూసేవాళ్లకు ఆకాశం ఖాళీ మైదానం. ఎటు కావాలంటే అటు పోవచ్చు కదా అనిపిస్తుంది. కానీ అక్కడా దారులున్నాయి. ఏ ఎత్తులో, ఏయే గుర్తుల మీదుగా పోవాలో విమానం కదలక ముందే కంట్రోలర్ అనుమతి ఇస్తాడు. నేల వదిలాక ఆ అనుమతి మారిపోతుంటుంది. ఎదురుగా ఉరుముల మేఘం పెరిగిందనో, ముందు వెళ్లేది నెమ్మదిగా ఉందనో, సైన్యం ఆ భాగాన్ని వాడుకుంటోందనో చెబుతారు. అరక్కోణంలో నౌకాదళం రాజాళి స్థావరం, తాంబరంలో వైమానిక దళం ఉన్న చోట ఇదేం వింత కాదు.

మార్పు చెవిన పడగానే విమానాన్ని తిప్పేయరు. ఇద్దరు పైలట్లలో ఒకరు విమానం నడుపుతుంటే రెండోవారు రేడియో చూసుకుంటారు. విన్నది రాసుకుంటారు. రాసుకున్నది కంట్రోలర్‌కు తిరిగి చదివి వినిపిస్తారు. దాన్ని కంప్యూటర్‌లో ఎక్కించాక ఇద్దరూ మ్యాపు చూసి, సరేననుకున్నాకే ఆ దారి పట్టిస్తారు. చేతిలో పని తెమలకపోతే ‘స్టాండ్‌బై’ అంటారు. కొత్త దారిలో మేఘం ఉన్నా, కొండ ఉన్నా, ఇంధనం చాలదనిపించినా ‘అనేబుల్’ అంటారు. అంటే కుదరదని. చివరి నిర్ణయం కెప్టెన్‌దేనని అంతర్జాతీయ నిబంధనలే చెబుతున్నాయి.

రైలు డ్రైవరుకు ఈ వెసులుబాటు లేదు. 2024 అక్టోబరు 11 రాత్రి తిరువళ్లూరు జిల్లా కవరైప్పేట్టైలో మైసూరు–దర్భంగా బాగ్మతి ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైను సిగ్నలే పడింది. బండి మాత్రం లూప్ లైనులోకి పోయి, ఆగి ఉన్న గూడ్సును గుద్దింది. గాయాలతో సరిపోయింది, ప్రాణాలు పోలేదు. పట్టా ఎటు తిప్పితే అటు పోవడం తప్ప డ్రైవరు చేయగలిగింది లేదు. బ్రేకు వేయగలడు, అంతే. పైలట్‌కు అడిగే నోరుంది. ఆ నోరు నొక్కేస్తే రైలుకూ విమానానికీ తేడా ఉండదు.

అడగాల్సిన చోట అడగకపోతే ఏమవుతుందో 1995 డిసెంబరు 20న కొలంబియాలో తేలింది. మయామీ నుంచి కాలి నగరానికి వెళ్తున్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ విమానం అప్పటికే ఆలస్యమైంది. అనుకున్న రన్‌వే కాకుండా నేరుగా దిగేలా వేరే రన్‌వే ఇస్తాం, దిగుతారా అని కంట్రోలర్ అడిగాడు. పైలట్లు సరే అన్నారు. ఎత్తు తగ్గించాలి, కొత్త కాగితాలు తీయాలి, కంప్యూటర్‌లో దారి మార్చాలి.. అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. రోజో అనే గుర్తు కోసం ‘ఆర్’ అని కొట్టారు. కంప్యూటర్ మాత్రం బొగోటా దగ్గరున్న రోమియోను పట్టుకుంది. విమానం ఎడమకు తిరిగి కొండల్లోకి వెళ్లింది. ఉన్న 163 మందిలో 159 మంది చనిపోయారు. ఆ ఒక్క ‘సరే’తో కలిసొచ్చేది కొన్ని నిమిషాలే.

అడిగినా దొరకని సందర్భాలూ ఉంటాయి. 2025 మే 21న ఢిల్లీ నుంచి శ్రీనగర్ వెళ్తున్న ఇండిగో విమానం పఠాన్‌కోట్ దగ్గర 36 వేల అడుగుల ఎత్తులో వడగళ్ల వానకు ఎదురుపడింది. అందులో 220 మందికి పైగా ఉన్నారు. ఎడమకు, సరిహద్దు వైపు తప్పుకుంటామని పైలట్లు అడిగితే మన వైమానిక దళ కంట్రోల్ ఒప్పుకోలేదు. పహల్గాం దాడి తర్వాత రెండు దేశాలూ ఒకరి విమానాలకు ఒకరు ఆకాశం మూసేసిన రోజులవి. లాహోర్‌ను అడిగారు, అక్కడా కాదన్నారు. వెనక్కి తిరుగుదామంటే మేఘం దగ్గరికొచ్చేసింది. చివరికి అందులోంచే దూసుకెళ్లారు. వేగం చూపే మీటర్లను నమ్మే వీల్లేకుండా పోయింది. ఒక దశలో నిమిషానికి 8,500 అడుగుల లెక్కన కిందికి జారింది. చేత్తోనే నడిపి శ్రీనగర్‌లో దించారు. ముక్కు పగిలింది, మనుషులకు ఏమీ కాలేదు.

ఇంకాస్త ముందే తిరిగి ఉండాల్సిందని నేల మీద కూర్చుని చెప్పడం తేలిక. విచారణ జరగాల్సిందే, కాదనేవాళ్లెవరూ లేరు. కానీ విచారణ పైలట్ల దగ్గరే ఆగిపోకూడదు. సరిహద్దు మూసినప్పుడు ఆ పక్కనే ఎగిరే ప్రయాణికుల విమానం మేఘం వస్తే ఎటు తప్పుకోవాలన్న ప్రశ్నకు జవాబు ముందే సిద్ధంగా ఉండాలి. అది కాక్‌పిట్‌లో దొరికే జవాబు కాదు. ఇక కంపెనీల సంగతి. విమానం వెనక్కి తిరిగినా, వేరే ఊళ్లో దిగినా ఇంధనం, పార్కింగు, ప్రయాణికులకు బస.. అంతా ఖర్చే. కుదరదన్న పైలట్‌ను మర్నాడు సంజాయిషీ అడిగే కంపెనీలో, ఆ మాట రెండోసారి ఎవరి నోటా రాదు.

భాష గొడవ ఒకటుంది. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ, కజకిస్థాన్ విమానాలు ఢీకొని 349 మంది చనిపోయారు. 15 వేల అడుగుల దగ్గర ఉండాల్సిన కజక్ విమానం ఇంకా కిందికి దిగిపోయింది. ఆ సిబ్బందికి ఇంగ్లీషు అంతంతమాత్రమే. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం మాట్లాడే తిరుత్తణివాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. బేరంలో ధర విని ‘ఇరుబదా, అరుబదా’ అని ఇంకోసారి అడిగి తేల్చుకోవడం వాళ్లకు అలవాటే. పైలట్లు తిరిగి చదివి వినిపించడమూ అంతే.

లోపల కూర్చున్నవాళ్లకు మాత్రం ఏమీ తెలియదు. 2025 ఆగస్టు 10 రాత్రి తిరువనంతపురం నుంచి ఢిల్లీ బయలుదేరిన ఎయిర్ ఇండియా విమానాన్ని చెన్నైకి మళ్లించారు. దాదాపు రెండు గంటలు గాల్లోనే తిరిగారు. దిగబోయి మళ్లీ పైకి లేచారు. రన్‌వే మీద వేరే విమానం ఉందని అందులో ఉన్న ఎంపీ కె.సి.వేణుగోపాల్ అన్నారు. అదేం కాదు, కంట్రోల్ చెబితేనే లేచామని సంస్థ అంది. ఎంపీకే ఈ గందరగోళమైతే, గల్ఫ్‌కు మొదటిసారి పోతున్న పళ్లిపట్టు కుర్రాడి సంగతేంటి? ప్రకటన ఇంగ్లీషులో, హిందీలో గడగడా సాగిపోతుంది. పైలట్‌కు తీరిక దొరకదు, నిజమే. తీరిక దొరికాక సిబ్బందిలో ఒకరు తమిళంలో, తెలుగులో రెండు ముక్కలు చెప్పలేరా? దారి మారింది, భయం లేదు, ఫలానా చోట దిగుతాం. ఇంతే కదా కావాల్సింది.

2015 డిసెంబరు వరదల్లో మీనంబాకం మునిగి మూతపడితే అరక్కోణం రాజాళి రన్‌వే మీంచే ప్రయాణికుల విమానాలు నడిపారు. విమానం చెన్నైకి బదులు ఎక్కడ దిగినా, తీసుకెళ్లడానికి తిరువళ్లూరు నుంచి కారు కట్టించుకొచ్చినవాళ్లు అరైవల్స్ గేటు దగ్గరే నిలబడి ఉంటారు. టికెట్టు కొన్నప్పుడు ఇంటి నంబరు కూడా తీసుకుని, దారి మారితే ఆ నంబరుకు వాళ్ల భాషలో ఒక మెసేజ్ పంపడానికి విమాన సంస్థలకు పెద్ద ఖర్చేమీ కాదు.