రక్తదానం క్యూలో ఒక భయం

మా కాలేజీలో బ్లడ్ డొనేషన్ క్యాంప్ అనగానే నా ఫ్రెండ్ ఒకడు అందరికంటే ముందు పేరిచ్చాడు. ఏంట్రా ఈ సేవాభావం అని ఏడిపిస్తే, రాత్రి హాస్టల్ మెట్ల మీద అసలు సంగతి చెప్పాడు. ఇచ్చిన రక్తానికి ఎలాగూ హెచ్‌ఐవీ టెస్ట్ చేస్తారు, ఏదైనా ఉంటే వాళ్లే చెప్తారు, మూడో మనిషికి తెలియకుండా పనైపోతుంది అని.

తెలివైన ఐడియాలాగే ఉంది. కానీ వైరస్ ఒంట్లోకి వచ్చిన కొత్తలో టెస్టుకి దొరకదు, దాన్నే విండో పీరియడ్ అంటారు. ఆ టైంలో ఇచ్చిన రక్తం పరీక్షలో పాసై ఇంకో పేషెంటుకి ఎక్కే ప్రమాదం ఉంది. ఇది చెప్పాక వాడు పేరు తీసేయించుకున్నాడు.

మరి ఎక్కడికెళ్లాలి? గవర్నమెంట్ ఆసుపత్రుల్లో ఐసీటీసీలు ఉన్నాయి, టెస్ట్ ఫ్రీ, 2017 చట్టం ప్రకారం వివరాలు బయటపెట్టకూడదు అన్నాను. "అక్కడ మా ఊరోళ్లు కనిపిస్తేనో?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

సెల్ఫ్ టెస్ట్ కిట్లు మన దగ్గర మెడికల్ షాపుల్లో మామూలుగా దొరకాలని నేననేది ఇందుకే. అమెరికాలో 2012లోనే ఓరాక్విక్ అనే కిట్‌ని ఇంట్లో వాడుకోడానికి ఒప్పుకున్నారు. పుల్లతో చిగుళ్లు తుడిచి ట్యూబులో పెడితే 20 నిమిషాల్లో గీతలు కనిపిస్తాయి. డబ్ల్యూహెచ్‌ఓ 2016 నుంచి సెల్ఫ్ టెస్టింగ్‌ని సిఫార్సు చేస్తోంది.

లోపాలున్నాయి. జనం సొంతంగా చేసుకున్న ట్రయల్‌లో, ఇన్ఫెక్షన్ ఉన్న ప్రతి 12 మందిలో ఒకరికి ఈ కిట్ తప్పుగా నెగటివ్ చూపించింది. మన భాషలో ఫాల్స్ నెగటివ్. రిస్క్ జరిగి మూడు నెలలు కాకపోతే నెగటివ్‌ని అస్సలు నమ్మకూడదు. పాజిటివ్ వచ్చినా ల్యాబ్‌లో కన్ఫర్మ్ చేయించాలి. రూమ్‌లో ఒక్కడే కూర్చుని రెండు గీతలు చూసినోడి పరిస్థితేంటి అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కిట్ మీద 1097 హెల్ప్‌లైన్ నంబరు పెద్దక్షరాల్లో ఉండాలి. కానీ అసలు తెలుసుకోకుండా ఏళ్లు గడిపేవాడి పరిస్థితి ఇంకా ఘోరం కదా.

కిట్ దానంతటది వ్యాధిని ఆపదు. తెలుసుకున్న మనిషి ఆపగలడు. రోజూ మందులు వేసుకుని వైరల్ లోడ్ టెస్టులో కనపడనంత తగ్గితే సెక్స్ ద్వారా ఇంకొకరికి సోకదు. ఆ మందులు మన దేశంలో 2004 నుంచి ప్రభుత్వం ఫ్రీగా ఇస్తోంది. రిస్క్ ఇప్పుడే జరిగుంటే మాత్రం కిట్ కోసం వెతక్కండి, 72 గంటల్లోపు డాక్టర్ దగ్గర పెప్ మందులు మొదలుపెట్టాలి.

చివరికి వాడు పక్క జిల్లా ఐసీటీసీకి వెళ్లాడు, తోడు నేనూ వెళ్లాను. రిజల్ట్ ఇక్కడ రాయను, అది వాడి సొంత విషయం. బస్సులో పోనూ రానూ ఆరు గంటలు పట్టింది.