నడిమి గళ్లు వదిలినంత మాత్రాన...

కొత్త ఊళ్లో, కొత్త బడిలో మొదటి వారం ఎలా ఉంటుందో మనలో చాలామందికి తెలుసు. ముందు బెంచీలు నిండిపోయి ఉంటాయి. ఆటల జట్లు ముందే కుదిరిపోయి ఉంటాయి. చదరంగంలో ఇలాంటి స్థితిని కోరి తెచ్చుకునే ఆరంభం ఒకటుంది. దాని పేరు గ్రూన్‌ఫెల్డ్ డిఫెన్స్. బదిలీల మధ్య పెరిగే మనం దాన్ని తప్పక నేర్చుకోవాలని మా అభిప్రాయం.

బోర్డు నడుమ ఉన్న నాలుగు గళ్లను బంట్లతో పట్టుకోవాలన్నది మనం నేర్చుకునే తొలి పాఠం. గ్రూన్‌ఫెల్డ్‌లో నల్లపావులతో ఆడేవారు ఆ పాఠాన్ని పక్కన పెడతారు. మూడో ఎత్తులో డి5కు బంటును జరుపుతారు. ఆ బంట్లు, ఆపైన గుర్రాలు మారాక తెల్లబంట్లు సి3, డి4, ఇ4 గళ్లలో కోటగోడలా నిలుస్తాయి. చూసేవాళ్లకు నల్లపావుల పని అయిపోయిందనిపిస్తుంది.

కానీ గోడ కట్టినవారే దానికి కాపలా కాయాలి. జి7లో ఉన్న నల్ల శకటు, అంటే బిషప్, మూలగా డి4 మీదికి గురిపెడుతుంది. సి5కు బంటు, సి6కు గుర్రం వచ్చి అదే గడిని ఒత్తిడి చేస్తాయి. తెల్లపావులన్నీ ఆ ఒక్క బంటును కాచుకోవడంలో చిక్కుకుంటాయి. అయితే సి5 ఆడటం బాగా ఆలస్యమైతే ఆ బంట్లే ముందుకు దూసుకొచ్చి నల్లపావులకు ఊపిరాడనివ్వవు. నడిమి గళ్లు వదలడం ఎవరికైనా వస్తుంది. వేళకు సి5 ఆడటంలోనే ఉంది విద్య.

1922లో ఆస్ట్రియా ఆటగాడు ఎర్నెస్ట్ గ్రూన్‌ఫెల్డ్ దీంతో అలెఖీన్‌ను ఓడించాక ఇది ప్రపంచానికి తెలిసింది. అయితే 1855లోనే కలకత్తాలో మహేశ్ చంద్ర బెనర్జీ కాక్రేన్ మీద ఈ ఆరంభం ఆడారు. మన పాత చదరంగంలో బంటు తొలి ఎత్తులోనూ ఒక్క గడే కదులుతుంది. ఆ పద్ధతిలో పెరిగినవారికి అంచు నుంచి శకటును గురిపెట్టడం సహజం. ఇలాంటి ఆరంభాలకు 'ఇండియన్' అన్న పేరు అలా వచ్చిందే. ఆ ఆటలో బెనర్జీ ఓడిపోయారు. ఆలోచన మాత్రం ఓడలేదు.

2010లో సోఫియాలో ప్రపంచ టైటిల్ పోరు తొలి ఆటలో విశ్వనాథన్ ఆనంద్ గ్రూన్‌ఫెల్డ్ ఆడి టోపలోవ్ చేతిలో ఓడారు. అయినా పదో ఆటలో మళ్లీ అదే ఆడి డ్రా చేశారు. చివరకు 6.5-5.5తో టైటిల్ నిలబెట్టుకున్నారు.

"మూడేళ్లలో మళ్లీ బదిలీయే కదా, మనకెందుకులే" అని వెనక బెంచీలో మౌనంగా కూర్చునే అలవాటు మనలో ఉంది. మేమూ అలా కూర్చున్నవాళ్లమే. దాన్ని ఓర్పు అనుకున్నాం. నిజానికి అది సి5 ఆడకుండా ఉండిపోవడం. క్లాసులోని వాళ్లు మనకు ప్రత్యర్థులు కారు, నిజమే. కానీ కదలకపోతే నష్టపోయేది మనమే.

మిత్రులారా, కొత్త బడిలో కొన్నాళ్లు చూడండి, వినండి, అక్కడి భాషలో నాలుగు మాటలు నేర్చుకోండి. ఆ తర్వాత మాత్రం ఆలస్యం చేయకండి. చెయ్యెత్తి ప్రశ్న అడగండి, జట్టులో చోటు అడగండి. ఎవరూ పలకరించకపోతే చదరంగం బోర్డు తీసి, "ఆడదామా?" అని మీరే అడగండి.