కళాశాల వెబ్‌సైటు: కట్టించుట, కాపాడుట

కళాశాలకు వెబ్‌సైటు అవసరమా అని నేడు ఎవరూ అడుగరు. ఒకసారి కట్టించినదానికి మరల ఖర్చెందుకను ప్రశ్న మాత్రము కమిటీలలో తరచుగా వినిపించును. భవనమునకు సున్నము వేయించుటకు పద్దు చూపు పెద్దలు వెబ్‌సైటునకు పద్దు లేదనుట మాకు సమంజసముగా తోచదు.

ద్రూపల్ సంగతి చూడుడు. దాని 7వ వెర్షన్ 2011 జనవరిలో వెలువడినది. 2015 నవంబరులో వచ్చిన 8వ వెర్షన్ నిర్మాణములోనే వేరు. పాత ఇంటికి మరమ్మతు చాలదు. సామానంతయు కొత్త ఇంటికి చేరవేయవలసినదే. 2025 జనవరి 5వ తేదీతో 7వ వెర్షన్‌కు అధికారిక భద్రతా సవరణలు నిలిచిపోయినవి. ముందుగా పద్దు వ్రాసుకొనని సంస్థలకు ఆ చేరవేత ఎంత భారమో చెప్పనక్కరలేదు.

వర్డ్‌ప్రెస్‌లో అంత చిక్కు లేదు. ఒక్క మీట నొక్కిన కొత్త వెర్షన్ వచ్చును. ప్రమాదమూ అక్కడనే ఉన్నది. థీమ్ ఫైళ్లలో నేరుగా చేసిన మార్పులన్నియు, ఆ థీమ్ కొత్తది రాగానే చెరిగిపోవును. సాగర్ కుడి కాలువ కింద సేద్యము చేయు మన రైతు తన మడికి నీరు కావలెనని ప్రధాన కాలువకు గండి కొట్టడు. తూము నుండి పిల్లకాలువ తీసికొనును. చైల్డ్ థీమ్ అట్టి పిల్లకాలువయే. మన మార్పులన్నియు అందులోనే ఉండవలెను.

ఉర్దూ, తెలుగు రెండును గల మనకు ఈ మార్పులు అలంకారము కొరకు కావు. ఆంగ్లాక్షరములను దృష్టిలో పెట్టుకొని చేసిన థీమ్‌లలో వరుసల మధ్య ఎడము తక్కువ. అందువలన తెలుగు ఒత్తులు కింది వరుసను ఒరయును; ఏటవాలుగా దిగు నస్తాలీఖ్ లిపికి చోటే చాలదు. ఎడము పెంచిన ఇద్దరికీ మేలు. అక్షరముల నడుమ ఎడము పెంచుట మాత్రము కూడదు. ఉర్దూ అక్షరముల కలయిక తెగిపోవును. ఉర్దూ పుట కుడి నుండి ఎడమకు నడవవలెనని ఆ పుటలోనే నిర్దేశించవలెను. వాక్యమును కుడివైపునకు జరిపినంత మాత్రమున చాలదు. ఈ భేదము తెలియకనే పలుచోట్ల పూర్ణవిరామము వాక్యము మొదటికి వచ్చి కూర్చున్నది!

ఇంతకన్న విలువైనది పాత సంచికల మాట. అను ఫాంట్లలో, పాత ఇన్‌పేజ్‌లో కూర్చిన రచనలను ఉన్నవి ఉన్నట్లు వెబ్‌సైటులో అతికించిన, చదువరికి అర్థము లేని గుర్తులే కనిపించును. వాటిని యూనికోడ్‌లోనికి మార్చి, ఉర్దూ తెలిసిన విద్యార్థి ఒకరు, తెలుగు తెలిసిన విద్యార్థి ఒకరు అక్షరమక్షరము సరిచూడవలెను. యంత్రము మార్చినదని నమ్మి ఊరకుండరాదు. యూనికోడ్‌లోనున్న రచన ఏ వ్యవస్థకు మారినను వెంట వచ్చును.

కొత్త వెర్షన్‌ను ముందుగా నకలు ప్రతిపై పరీక్షించుట, దాచిన ప్రతిని తిరిగి తెరచి చూచుట కంప్యూటరు విద్యార్థులకు మంచి ప్రాక్టికల్స్ కాగలవు. కమిటీ వారికి మా మనవి మరొకటి: డొమైన్ పేరు, పాస్‌వర్డులు కట్టించిన గుత్తేదారు పేరిట గాక కళాశాల పేరిట ఉన్నవో లేవో రానున్న సమావేశమునకు ముందే విచారింపగోరెదము.