యాకుత్‌పురా సర్కారీ బడి: టీచర్ ఉన్నారు, క్లాసులో లేరు

యాకుత్‌పురా, రెయిన్ బజార్, తలాబ్‌కట్టా బస్తీల్లో సర్కారీ బడి మాట ఎత్తితే తల్లిదండ్రుల నుంచి వచ్చే ఫిర్యాదు ఒకటే. అక్కడ చదువు చెప్పరు అని. ఆటో నడిపేవాళ్లు, జరీ పని చేసేవాళ్లు కూడా పొట్ట కట్టుకుని ఫీజు కట్టి, గల్లీలోని ప్రైవేట్ స్కూల్‌కే పిల్లల్ని పంపుతున్నారు. ఈ ఫిర్యాదును తీసిపారేయలేం. బాధ్యత మరిచిన టీచర్లు అసలు లేరనీ అనలేం. కానీ చెప్పాలని ఉన్న టీచర్ కూడా ఎందుకు చెప్పలేకపోతున్నారు? ఈ ప్రశ్న అడగకుండా తీర్పు ఇచ్చేస్తే నష్టపోయేది మన పిల్లలే.

ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైమరీ బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు ఉంటే సరిపోతుంది. తరగతులు మాత్రం ఐదు. ఇద్దరిలో ఒకరు మీటింగ్‌కో, ట్రైనింగ్‌కో, సర్వే డ్యూటీకో వెళ్తే మిగిలిన ఒక్కరే ఐదు తరగతులనూ ఒక్క గదిలో కూర్చోబెట్టాలి. ఆ రోజు జరిగేది చదువు కాదు, పిల్లల్ని కాపలా కాయడమే.

2024 నవంబర్ 6న మొదలైన ఇంటింటి కుల సర్వేకు రాష్ట్రవ్యాప్తంగా 36 వేలకు పైగా ఎస్జీటీలను తీసుకున్నారు. అన్ని రోజులూ ప్రైమరీ బడులు ఒంటిపూటే నడిచాయి. నిజానికి విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ టీచర్లకు చదువుతో సంబంధం లేని పనులు అప్పగించొద్దని చెబుతోంది. మినహాయింపులు మూడే: పదేళ్లకోసారి జరిగే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు. ఎన్నికల పనిని కూడా సెలవు రోజుల్లో, పాఠాలు లేని వేళల్లోనే చేయించాలని సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది. రాష్ట్ర సర్వేలు ఈ మూడింటిలో లేవు. ఇక 2027 జనగణన పని ఎలాగూ ఉంది. అది చట్టం ఒప్పుకున్నదే. కాబట్టి మిగతా పనులైనా తగ్గాలి కదా!

డ్యూటీ లేని రోజు కూడా సాఫీగా సాగదు. యూడైస్ వివరాలు, అపార్ ఐడీలు, మధ్యాహ్న భోజనం లెక్కలు, పిల్లల హాజరు, అన్నీ ఫోన్లోనే ఎక్కించాలి. ఆధార్‌లో ఒక పేరు, బడి రిజిస్టర్‌లో ఇంకో పేరు ఉంటే అది సరిచేసే తిప్పలు కూడా టీచర్‌వే. మన పేర్లలో మొహమ్మద్, ముహమ్మద్, ఎండీ అని రకరకాలుగా రాస్తారు కాబట్టి ఓల్డ్ సిటీ బడుల్లో ఈ తలనొప్పి ఇంకా ఎక్కువ. 2025 ఆగస్టు నుంచి టీచర్లకు కూడా ముఖం చూపించే హాజరు వచ్చింది. టీచర్ బడికి వచ్చారా లేదా అన్నది అది చెబుతుంది. వచ్చాక ఎన్ని గంటలు పాఠం చెప్పగలిగారో చెప్పదు.

ఉర్దూ మీడియం కష్టం వేరు

తెలంగాణ వచ్చాక మొదటి టీచర్ల నోటిఫికేషన్ 2017లో, 8,792 పోస్టులకు పడింది. తర్వాతి పెద్ద భర్తీ డీఎస్సీ 2024, 11,062 పోస్టులకు. ఆ నియామక పత్రాలు 2024 అక్టోబర్ 9న ఇచ్చారు. మధ్యలో ఏడేళ్లు! ఆ ఖాళీలను విద్యా వాలంటీర్లతో నెట్టుకొచ్చారు. కరోనా తర్వాత వాళ్లనూ కొనసాగించలేదు.

ఉర్దూ మీడియంలో మరో చిక్కు ఉంది. రోస్టర్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు కేటాయించిన పోస్టులకు ఉర్దూలో చదివిన అభ్యర్థులు దొరకరు. పోస్టు కాగితం మీద ఉంటుంది, క్లాసులో కుర్చీ ఖాళీగా ఉంటుంది. వాటిని మార్చి భర్తీ చేయాలన్న డిమాండ్ చాలా పాతది. ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేసి ఏళ్లు గడిచాయి, ఈ ముడి మాత్రం వీడలేదు. పైగా 2022-23 నుంచి ఇంగ్లీష్ మీడియం వచ్చింది. నిన్నటిదాకా ఉర్దూలో లెక్కలు చెప్పిన టీచర్ అదే క్లాసులో ఇంగ్లీషులోనూ చెప్పాలి.

మనసు విరిగేది ఇక్కడే

2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పుతో ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నవాళ్లకూ టెట్ తప్పనిసరి అయింది. సర్వీసు ఐదేళ్లకు మించి మిగిలి ఉంటే రెండేళ్లలో పాస్ కావాలి, లేదంటే ఉద్యోగానికే ముప్పు. ఐదేళ్ల లోపు ఉన్నవాళ్లు కొనసాగొచ్చు గానీ, టెట్ లేకుండా ప్రమోషన్ రాదు. మైనారిటీ విద్యాసంస్థలకు ఇది వర్తిస్తుందా అన్న ప్రశ్నను పెద్ద బెంచ్‌కు పంపారు. మంచి టీచర్ కావాలనుకోవడం న్యాయమే. కానీ పగలంతా డ్యూటీలు, రాత్రి పరీక్షకు చదువు అంటే ఆ మనిషి పొద్దున క్లాసుకు ఏ ఉత్సాహంతో వస్తారు?

జీతం సంగతీ అంతే. డీఏలు ఆలస్యం, 2023 అక్టోబర్‌లో వేసిన పీఆర్సీ కోసం ఏళ్ల ఎదురుచూపు. 2024 మార్చి తర్వాత రిటైర్ అయిన చాలామంది తమ గ్రాట్యుటీ, జీపీఎఫ్ డబ్బుల కోసమే ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. సీనియర్లకు పట్టిన గతి చూస్తున్న కొత్త టీచర్‌కు ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

మొహల్లా ఏం చేయొచ్చు

విద్యాశాఖను ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి తన దగ్గరే పెట్టుకున్నారు. కాబట్టి ఖాళీల గురించి, సర్వే డ్యూటీల గురించి జవాబు అడగాల్సింది బడిలో ఉన్న మేడమ్‌ను కాదు, ప్రభుత్వాన్ని.

మన వంతు పని కూడా ఉంది. బడి కమిటీ మీటింగులకు అమ్మీలు, అబ్బాలు వెళ్లాలి. వెళ్లి మూడు విషయాలు అడగాలి: మంజూరైన పోస్టులు ఎన్ని, ఖాళీలు ఎన్ని, పోయిన నెలలో టీచర్ ఎన్ని రోజులు బయటి డ్యూటీ మీద ఉన్నారు? చెప్పకపోతే సమాచార హక్కు కింద అర్జీ పెట్టొచ్చు. ఆ లెక్క చేతిలో పెట్టుకుని కార్పొరేటర్‌నో, ఎమ్మెల్యేనో కలిస్తే మాటకు బలం ఉంటుంది. ఆధార్‌లో పిల్లల పేర్లు ముందే సరిచేయించుకుంటే టీచర్‌కు కొంత సమయమైనా మిగులుతుంది.

ఉస్తాద్‌కు ఇజ్జత్ ఇవ్వడం మన ఇళ్లలో నేర్పే మొదటి అదబ్. సెప్టెంబర్ 5న పూలదండ వేస్తే అది తీరిపోదు. ఆ ఉస్తాద్‌ను పాఠం చెప్పనివ్వండి అని సర్కారును గట్టిగా అడగాలి. ఆ మాట అనాల్సింది తల్లిదండ్రులే. టీచర్ అంటే జీతం కోసం అంటున్నారని కొట్టిపారేస్తారు.