విశ్వవిద్యాలయమన్న పేరు చాలునా?

మన పాయకరావుపేటలో సెంటు భూమి కొనదలచిన గృహస్థు ముప్పదియేండ్ల ఈ.సీ. తీయించి చూచును, హక్కుదారు డెవడు, అప్పు లేమైన నున్నవా యని నలుగురి నడుగును. సంతలో ఎద్దును కొనువాడు పండ్లు చూడక బేరమాడడు. ఇంతటి జాగరూకులైన మనవారే కుమారుని విదేశమునకు పంపునప్పుడు మాత్రము తోటను కుదువబెట్టి, లక్షలు అప్పుచేసి, ఆ ధనము చేరు విద్యాలయ మెట్టిదో యడుగకుండుట యెంత వింత! దళారి గోడపై వ్రేలాడు మేడబొమ్మయే వారికి ప్రమాణము.

ఈ అజాగ్రత్తకు తెలుగువారు చెల్లించిన మూల్యము స్వల్పము కాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీపై అమెరికా అధికారులు దాడిచేసిరి. అందు చేరిన వేయిమందికి పైబడిన విద్యార్థులలో అత్యధికులు భారతీయులు. వారిలో పెక్కండ్రు మన తెలుగుబిడ్డలు. కొందరి కాళ్లకు దొంగలకు వలె రేడియో కడియములు తొడిగిరి. ఆ సంస్థ స్థాపకురాలికి 2014లో పదునారేండ్లకు మించిన కారాగారశిక్ష పడినది. అంతటితో బుద్ధి వచ్చెనా? 2019 జనవరిలో మిషిగను రాష్ట్రమున ఫార్మింగ్టను యూనివర్సిటీ గుట్టు బయటపడినది. దానికి అధ్యాపకులు లేరు, తరగతులు లేవు. దానిని నడపినవారు అమెరికా ప్రభుత్వపు రహస్యోద్యోగులే! మొదట నిర్బంధింపబడిన 130 మందిలో 129 మంది భారతీయులు.

తన జాబితాలో తానే చేర్చి వల పన్నిన ఆ ప్రభుత్వమును మేము మెచ్చజాలము. కాని తరగతికి పోకయే పట్టా, పోయిన మరునాడే ఉద్యోగము అన్న మాటకు చెవియొగ్గిన మనవారి లోపమును కప్పిపుచ్చజాలము.

యూనివర్సిటీ యన్న పేరొక్కటే, వస్తువులు పెక్కు. అమెరికాలో రాష్ట్రప్రభుత్వముల యాశ్రయమున నడచునవి కలవు. హార్వర్డు వలె లాభాపేక్ష లేని ప్రైవేటు సంస్థలు కలవు. కేవలము లాభమునకై నడచునవియు కలవు. జర్మనీలో పరిశోధనకు ప్రాధాన్యమిచ్చు విశ్వవిద్యాలయములు వేరు, వృత్తికి వలయు ప్రయోగవిద్య నేర్పు సంస్థలు వేరు. అచ్చటి ప్రభుత్వ విద్యాలయములలో పెక్కింట బోధనరుసుమే లేదు. ఇంగ్లండులో 1992 వరకు పాలిటెక్నిక్కులుగా నుండినవి చట్టముచే విశ్వవిద్యాలయములైనవి. వీనిలో ఒక తెగ యంతయు హీనమని మే మనుట లేదు. పరిశోధన కోరువానికి ఒకటి తగును, పనితనము కోరువానికి మరియొకటి. ఏది యెవరికి తగునో విచారింపకుండుటయే మన దోషము.

విచారించుటకు దళారి యున్నాడు కదా యందురా? అయ్యా, అతడు తినునది యెవరి సొమ్ము? పెక్కుచోట్ల చేర్చిన తల కింత యని విద్యాలయమే అతనికి కమీషను ముట్టజెప్పును. అమ్మువాని కూలి తినువాడు కొనువాని మేలు చెప్పునా?

గుర్తింపు పత్రము లున్నవి కదా యందురా? ఐ-20 పత్రము నిచ్చు అధికార మొకటి. చదువు ప్రమాణమును పరీక్షించి విద్యాసంఘ మిచ్చు గుర్తింపు వేరొకటి. రెండును అవశ్యము చూడవలసినవే. కాని ఫార్మింగ్టను పేరు రెండు జాబితాలలోను ఉండెను. అచ్చట లేనివాడు గురువు! కనుక బోధించువారెవరు, వారు చేసిన కృషి యేమి, అచ్చట చదివి వచ్చినవా రేమి చేయుచున్నారు అను ప్రశ్నలే తుదకు శరణ్యము.

విదేశవిద్యకు మేము విరోధులము కాము. భీమవరమున పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు 1923లో సముద్రములు దాటి బోస్టను చేరి, హార్వర్డులో ఉష్ణమండల వైద్యము నభ్యసించెను. ఏమి నేర్వ నేగుచున్నాడో ఆయన యెరుగును. తాండవ దాటి రైలెక్కు మన యువకునికి ఆ యెరుక గలదా? పఠనమందిరములలో పదిమంది కూడి, చదివి వచ్చినవారిని పిలిచి, ఈ ప్రశ్నల నడుగుడు. తోట పత్రములు బ్యాంకు చేరక ముందే యడుగుడు.