లాయరు దగ్గరికి వెళ్ళే ముందు...

“విడిపోతే పిల్లల్ని తండ్రికే ఇచ్చేస్తారటగా!” అని ఆడవాళ్ళ భయం. “చట్టమంతా వాళ్ళ వైపే, కన్నబిడ్డని కళ్ళారా చూసుకోనివ్వరు” అని మగవాళ్ళ బాధ. రెండూ సగం నిజాలే. ఈ సగం నిజాలు మోసుకుని లాయరు దగ్గరికి వెళితే, అరగంటసేపు ఏడ్చి రావడమే అవుతుంది.

మన భయానికి మూలం 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం. మైనరు బిడ్డకు సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తరువాత తల్లి అంటుంది అందులోని 6వ సెక్షను. అయిదేళ్ళు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలనేదీ ఆ సెక్షనే. మరి ‘తరువాత’ అంటే? తండ్రి పోయాకనా? ఈ ప్రశ్నని సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్ళింది గీతా హరిహరన్ అనే రచయిత్రి. కొడుకు పేర బాండ్లు కొనబోతే రిజర్వు బ్యాంకు తండ్రి సంతకం అడిగింది. తండ్రి దూరంగా ఉన్నా, బిడ్డ బాగోగులు పట్టించుకోకపోయినా, ఆయన బతికుండగానే తల్లి సహజ సంరక్షకురాలు కావచ్చునని 1999లో కోర్టు తేల్చింది. అమ్మానాన్నలకు సమాన హోదా ఇమ్మని 2015లో లా కమిషన్ కూడా సిఫారసు చేసింది. చట్టంలోని ఆ మాట మాత్రం ఇంకా మారలేదు.

అయితే సంరక్షకత్వం వేరు, కస్టడీ వేరు. మొదటిది బిడ్డ తరపున సంతకాలకి, ఆస్తికి సంబంధించింది. రెండోది బిడ్డ ఎవరింట్లో పెరగాలన్నది. ఈ రెండో విషయంలో తండ్రి హక్కు, తల్లి హక్కు కన్నా ముందు బిడ్డ సంక్షేమాన్నే చూడమంటుంది అదే చట్టంలోని 13వ సెక్షను. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం అన్ని మతాల వాళ్ళకీ వర్తిస్తుంది. అదీ బిడ్డ సంక్షేమాన్నే చూడమంటుంది. కాస్త ఊహ తెలిసిన బిడ్డయితే, వాడి ఇష్టాన్ని కూడా జడ్జి పరిగణించవచ్చు.

కాబట్టి లాయరుకి మొగుడి తప్పుల చిట్టా ఒక్కటే ఇస్తే చాలదు. బిడ్డ రోజు ఎలా గడుస్తోందో ఒక కాయితం మీద రాసుకోండి. పొద్దున లేపేదెవరు, బడికి దింపేదెవరు, జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళేదెవరు, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం ఎవరిది? పుట్టిన తేదీ సర్టిఫికెట్, టీకాల కార్డు, ఫీజు రసీదులు, డాక్టరు చీటీలు, వచ్చిన నోటీసులు ఉంటే అవీ ఒక ఫైలులో పెట్టండి. పెళ్ళి తేదీ, విడిగా ఉండడం మొదలైన తేదీ, ఇద్దరి ఆదాయం రాయండి. మీకు వ్యతిరేకంగా అవతలివాళ్ళు ఏం చెప్పగలరో అది కూడా దాచకుండా చెప్పండి. కోర్టులో మొదటిసారి వింటే మీ లాయరు మాత్రం ఏం చేయగలరు?

సంపాదన లేని తల్లికి బిడ్డనివ్వరని భయపడకండి. తండ్రికి డబ్బెక్కువ ఉన్నంత మాత్రాన బిడ్డ ఆయనకి రాదు. పోషణ ఖర్చు తండ్రిని అడగవచ్చు.

ఇక తండ్రి సంగతి. భార్యాభర్తల బంధం తెగినా తండ్రీబిడ్డల బంధం తెగదు. తల్లి ప్రేమా తండ్రి ప్రేమా రెండూ పొందడం బిడ్డ హక్కని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. బిడ్డ దగ్గర లేని వారికి కలిసే హక్కుతో పాటు, ఫోనులో, వీడియోకాల్‌లో మాట్లాడుకునే వీలు కూడా ఉండాలంది. అందుకే ఆయన ఎప్పుడు చూడవచ్చో మీరే ముందు ఆలోచించుకుని వెళ్ళండి. ఏ ఆదివారాలు, ఏ పండగలు, వేసవి సెలవుల్లో ఎన్ని రోజులు? “మొహం కూడా చూడనివ్వను” అనే తల్లి మీద జడ్జికి మంచి అభిప్రాయం కలగదు. బిడ్డకి తండ్రి మీద చాడీలు నూరిపోసినా అంతే. కానీ కొట్టే మనిషి, తాగొచ్చి బిడ్డని బెదిరించే మనిషి అయితే మొహమాటపడకండి. తేదీలతో సహా చెప్పండి. 2005 నాటి గృహహింస చట్టం కింద తాత్కాలిక కస్టడీ అడగవచ్చు. తండ్రి రాకపోకల వల్ల బిడ్డకి హాని అనిపిస్తే మేజిస్ట్రేటు వాటిని నిరాకరించాలని ఆ చట్టమే చెబుతోంది.

లాయరుని అడగాల్సినవి కూడా రాసుకెళ్ళండి. కేసు ఏ ఊళ్ళో వేయాలి? గార్డియన్స్ చట్టం ప్రకారం బిడ్డ మామూలుగా ఉండే చోటే వేయాలి. అందుకే సలహా తీసుకోకుండా రాత్రికి రాత్రి బిడ్డతో ఊరు మారకండి, ప్రాణభయం ఉంటే తప్ప. కేసు తేలేలోగా మధ్యంతర ఉత్తర్వు వస్తుందా? రాజీకి వీలుందా? ఫీజు ఎంత? ఫ్యామిలీ కోర్టులో లాయరుని పెట్టుకోవడం హక్కుగా రాదు, అనుమతి కావాలి. జడ్జిగారికి మీరే జవాబు చెప్పాల్సి రావచ్చు.

ఫీజు ఇచ్చుకోలేనివాళ్ళు జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్ళవచ్చు. ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆడవాళ్ళందరికీ అక్కడ ఉచిత న్యాయసహాయం అందాలన్నది 1987 నాటి చట్టం. ఫోను నంబరు 15100.

ఇంతా చేసి, తీర్పు ఎలా వచ్చినా రేపు బడికి వెళ్ళేది ఆ పసివాడే. వాడి రోజు గడిచే తీరు రాసిన ఆ కాయితాన్నే లాయరు ముందు మొదట పెట్టండి. మొగుడి సంగతి ఆ తరువాత చెబుదురుగాని.